ఒకసారికి ఒక్క తేడా

ప్రశ్న: నాకు నలభై ఏళ్లు. మేం నలుగురు మిత్రులం రెండు నెలలకోసారి కలుసుకుంటాం. ప్రస్తుతం మా దగ్గర నాలుగు విస్కీ సీసాలు ఉన్నాయి: ఒక బ్లెండెడ్ స్కాచ్, ఒక మిత్రుడు తెచ్చిన 18 ఏళ్ల స్కాచ్ సింగిల్ మాల్ట్, స్కాట్లండ్‌లోని ఐలా ద్వీపం నుంచి వచ్చిన పొగ వాసన విస్కీ, ఒక అమెరికన్ బర్బన్. అన్నిటిలోకీ 18 ఏళ్లదే గొప్పదని అందరూ అంటారు, నేనూ తలూపుతాను. నిజానికి పొగ వాసన ఉన్నదాన్ని తప్ప మిగతా మూడింటినీ విడదీసి చెప్పడం నాకు చేతకాదు. సీసాల మీద రాసే ఎండుపూలు, నారింజ తొక్క, పాత తోలు నాకు ఒక్కసారీ తగల్లేదు. నీళ్లు కలిపితే పాడుచేశావంటారు ఒకరు, కలపకపోతే ఏం తెలుస్తుందంటారు మరొకరు. లోపం నా నాలుకలోనే ఉందా? పోల్చి చూడడం నేర్చుకోవడానికి ఏదైనా పద్ధతి ఉందా?

సమాధానం: మీ నాలుకలో ఏ లోపమూ లేదు. చిక్కంతా మీ బల్ల మీద చేరిన నాలుగు సీసాల అమరికలో ఉంది. వాటిలో ధాన్యం వేరు, బట్టీ వేరు, పీపా వేరు, వయసు వేరు, బహుశా ఆల్కహాల్ శాతం కూడా వేరు. ఇన్నీ ఒకేసారి మారిపోతున్నప్పుడు ఎవరి ముక్కైనా అన్నిటికంటే గట్టిగా వినబడే గొంతునే పట్టుకుంటుంది. మీ విషయంలో ఆ గొంతు పొగది. మిగిలిన మూడింటి దగ్గరికి వచ్చేసరికి ఏది దేనివల్ల మారిందో తేల్చుకునే ఆధారం లేక, మనసు పక్కవాళ్ల మాటనూ సీసా మీది అంకెనూ ఆసరా చేసుకుంటుంది. అందువల్ల నేను మీకు ఇవ్వగల సలహా ప్రధానంగా ఒక్కటే: ఒకసారికి ఒక్క తేడానే బల్ల మీద పెట్టండి, మిగతావన్నీ వీలైనంత సమానంగా ఉంచండి.

ఈ సంగతి నాకు పరాభవం ద్వారా తెలిసింది. కళ్లకు గంతలు కట్టినా ఏ విస్కీ ఏదో చెప్పగలనని ఒకప్పుడు గొప్పలు పోయేవాణ్ని. ఒక సాయంత్రం ఇంట్లోవాళ్లు మూడు గ్లాసులు తెచ్చి ముందు పెట్టారు. నేను చాలా శ్రద్ధగా వాసన చూసి, మొదటిదానికి తేనె, పండిన బేరిపండు అని రాసి, మూడోదానికి తోలు, పొగాకు, కొంచెం కర్కశం అని రాశాను. ఆ రెండూ ఒకే సీసాలోవి. ఆ కాగితాన్ని ఇప్పటికీ దాచుకున్నాను. ఎవరైనా నన్ను నిపుణుడని పిలిచినప్పుడు తీసి చదువుకుంటూ ఉంటాను.

తేడాలను ఒక్కొక్కటిగా వేరుచేయాలంటే అవి ఎక్కడెక్కడ పుడతాయో ముందు తెలియాలి. మీ సింగిల్ మాల్ట్ అన్నది ఒకే డిస్టిలరీలో, మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీతో మాత్రమే, రాగి పాట్ స్టిల్స్‌లో, అంటే కుండల్లాంటి బట్టీల్లో, విడతలు విడతలుగా బట్టీ పట్టిన విస్కీ. ఇక్కడ ‘సింగిల్’ అంటే ఒకే డిస్టిలరీ అని అర్థం. ఒకే పీపా అని చాలామంది పొరపడతారు. ఆ రాగి ఆవిరిలోని గంధకపు వాసనలను పట్టి ఉంచుతుంది. బట్టీ మెడ పొడుగ్గా ఉంటే బరువైన ఆవిర్లు పైదాకా వెళ్లలేక మళ్లీ కిందికి జారిపోతాయి కాబట్టి, గ్లెన్‌మోరంజీ డిస్టిలరీలో ఉన్నటువంటి పొడుగు మెడల బట్టీల నుంచి వచ్చే విస్కీ తేలికగా, పూల వైపు మొగ్గి ఉంటుంది. మీ బ్లెండెడ్ స్కాచ్‌లో అలాంటి మాల్ట్ విస్కీలతో పాటు గోధుమ లేదా మొక్కజొన్నతో చేసిన గ్రెయిన్ విస్కీ కూడా కలుస్తుంది. ఎనియాస్ కాఫీ 1830లో పేటెంటు పొందిన, ఆగకుండా నడిచే నిలువు బట్టీ వల్లనే అది పెద్ద మొత్తంలో తయారుకావడం సాధ్యమైంది. గ్రెయిన్ విస్కీ పలచగా, తీపి వాసనతో, పెద్దగా తనను చాటుకోకుండా ఉంటుంది. బ్లెండ్‌కు ఆ నునుపు అక్కడినుంచే వస్తుంది. దాన్ని నాసిరకపు కల్తీగా చూసే అలవాటు కొందరికి ఉంది, ఆ చిన్నచూపు నాకు నచ్చదు.

బర్బన్ సంగతి వేరు. అమెరికా నిబంధనల ప్రకారం దాని ధాన్యంలో కనీసం 51 శాతం మొక్కజొన్న ఉండాలి, లోపలివైపు కాల్చి బొగ్గు చేసిన కొత్త ఓక్ పాత్రలోనే నిలవ ఉంచాలి. అంటే ఒకసారి బర్బన్ తీసేసిన పీపా మళ్లీ బర్బన్‌కు పనికిరాదు. అలా మిగిలిన పీపాలు పెద్ద సంఖ్యలో స్కాట్లండ్ చేరి అక్కడి మాల్ట్‌లకు పుట్టిల్లవుతాయి. కాబట్టి మీ 18 ఏళ్ల సింగిల్ మాల్ట్, మీ బర్బన్ దూరపు చుట్టాలు అయ్యే అవకాశం చాలా ఎక్కువ. అమెరికన్ ఓక్‌ను కాల్చినప్పుడు చెక్కలోని లిగ్నిన్ అనే పదార్థం విడిపోయి, వెనిలా వాసన ఇచ్చే వెనిలిన్ పుడుతుంది. ఆ చెక్కలోనే ఉండే లాక్టోన్లు అనే పదార్థాలు కొబ్బరి వాసన ఇస్తాయి. కొత్త పీపా నుంచి బర్బన్ ఈ రెండింటినీ దండిగా లాక్కుంటుంది, అదే పీపా రెండోసారి వాడినప్పుడు స్కాచ్‌కు వాటిని పొదుపుగా పంచుతుంది. షెర్రీ వైన్‌తో నానిన పీపాలోనైతే ఎండుద్రాక్ష, అత్తి, లవంగం వైపు రుచి మళ్లుతుంది.

పొగ మాత్రం పీపాలోంచి రాదు. మొలకెత్తిన బార్లీని ఆరబెట్టేటప్పుడు కింద పీట్ కాలుస్తారు. తేమ నేలల్లో వేల ఏళ్లుగా పూర్తిగా కుళ్లక పేరుకుపోయిన మొక్కల పొరనే పీట్ అంటారు. దాని పొగలోని ఫినాళ్లు అనే రసాయనాలు గింజకు అంటుకుని, బట్టీని కూడా దాటుకుని, మీ గ్లాసు దాకా వస్తాయి. కొన్ని సీసాల గురించి గొప్పగా చెప్పే పీపీఎం అంకె, అంటే పది లక్షల భాగాల్లో ఫినాళ్లు ఎన్ని భాగాలో చెప్పే లెక్క, సాధారణంగా ఆరబెట్టిన బార్లీలో కొలిచినది. బట్టీ పట్టేటప్పుడూ పీపాలోనూ అందులో చాలా భాగం పోతుంది కాబట్టి, అంకె రెట్టింపైనంత మాత్రాన గ్లాసులో పొగ రెట్టింపు కాదు. మరొక అపోహ కూడా తీర్చుకోవాలి. ఐలా అంటే పొగ అని అందరూ అనుకుంటారు గానీ, అదే ద్వీపంలో బ్రుయిక్‌లాడీ డిస్టిలరీ తన పేరుతో పొగ లేని విస్కీనీ, పోర్ట్ షార్లెట్ పేరుతో బాగా పొగబెట్టిన విస్కీనీ తయారు చేస్తుంది. వాటిలో క్లాసిక్ లాడీ, పోర్ట్ షార్లెట్ 10 అనే రెండూ 50 శాతం ఆల్కహాల్‌తోనే సీసాకెక్కుతాయి. పీపాల మిశ్రమంలో కొంత భేదం ఉన్నా, పొగ ఒక్కటే మారితే ఏమవుతుందో చూడదలచుకున్నవారికి ఇంతకన్నా చక్కని జంట దొరకడం కష్టం. అలాగే పీపా ఒక్కటే మారితే ఎలా ఉంటుందో చూడాలంటే, గ్లెన్‌మోరంజీ వారి ఒరిజినల్‌ను, చివరి దశలో షెర్రీ పీపాల్లో ఉంచిన లసాంటాను పక్కపక్కన పెట్టుకోవచ్చు. వయసులో తేడా ఉన్నప్పటికీ రెండింటి బట్టీ ఒకటే.

ఇవేవీ కొత్తగా కొనాల్సిన అవసరం లేదు. మీ దగ్గరున్న నాలుగు సీసాలతోనే పొగ పాఠం చదవవచ్చు, నాకు అన్నిటికంటే ఇష్టమైన పాఠం కూడా అదే. రెండు గ్లాసుల్లో 15 మిల్లీలీటర్ల చొప్పున బ్లెండెడ్ స్కాచ్ పోయండి. ఒకదాన్ని అలాగే వదిలేసి, రెండోదానిలో చుక్కలమందు వేసే గొట్టంతో ఐలా విస్కీని రెండేసి చుక్కలు కలుపుతూ, ప్రతిసారీ రెండు గ్లాసులనూ మార్చి మార్చి వాసన చూడండి. ఒక దశలో పొగ ఇంకా పొగలా తెలియదు. విస్కీకి ఏదో లోతు వచ్చినట్టు, తీపి కాస్త తగ్గినట్టు మాత్రమే అనిపిస్తుంది. ఇంకొన్ని చుక్కల తరువాత అది స్పష్టంగా పొగ అవుతుంది. మొదటి దశను గుర్తించడం వచ్చిందంటే, మీరు ఇంతకాలం ఏమీ లేదనుకున్న విస్కీల్లో కూడా సన్నటి పొగ ఉన్న సంగతి బయటపడుతుంది.

ఇక వయసు గురించి. స్కాచ్ సీసా మీద 18 అని ఉంటే, అందులో కలిసిన విస్కీలన్నిటిలోనూ అతి చిన్నదాని వయసు అది. స్కాచ్ అనిపించుకోవడానికి కనీసం మూడేళ్లు ఓక్ పీపాలో ఉండాలి. ఆ తరువాత గడిచే ఏళ్లు లాభమా నష్టమా అన్నది పీపాను బట్టి ఉంటుంది. పలుమార్లు వాడి సత్తువ తగ్గిన పీపాలో 18 ఏళ్లు పడుకున్న విస్కీ కంటే, మంచి పీపాలో పదేళ్లున్నదే నిండుగా ఉండవచ్చు. చురుకైన పీపాలో మరీ ఎక్కువకాలం ఉంటే చెక్క పెత్తనం చేసి నోరంతా వగరెక్కుతుంది. వాతావరణం కూడా లెక్కలోకి వస్తుంది. స్కాట్లండ్‌లో ఏడాదికి సుమారు రెండు శాతం పీపాలోంచి ఆవిరైపోతే, భారత్, తైవాన్ వంటి వేడి దేశాల్లో అంతకు ఎన్నో రెట్లు పోతుంది, చెక్కతో మార్పిడి కూడా అంతే వేగంగా జరుగుతుంది. అందుకే అక్కడి మంచి మాల్ట్‌లు చిన్న వయసులోనే సీసాకెక్కుతాయి. మీ మిత్రుడి 18 ఏళ్ల విస్కీ నిజంగానే గొప్పది కావచ్చు. ఆ అంకె మాత్రం దానికి సాక్ష్యం కాదు.

రంగును కూడా నమ్మవద్దు. స్కాచ్‌లో రంగు కోసం కారమెల్ కలపడానికి అనుమతి ఉంది, బర్బన్‌లో లేదు. ముదురు రంగు చూడగానే మనకు ఎండుద్రాక్ష వాసన ముందే తోస్తుంది. వీలైతే గ్లాసులకు బయట కాగితం చుట్టండి.

పోల్చే పద్ధతి విషయానికి వస్తే, పొట్ట వెడల్పుగా, మూతి సన్నగా ఉన్న గ్లాసు ఏదైనా సరిపోతుంది, అన్నీ ఒకేలా ఉండడమే ముఖ్యం. ఒక్కో గ్లాసులో 15 మిల్లీలీటర్లకు మించి పోయవద్దు. ఒక పూటకు మూడు గ్లాసులు చాలు, నాలుగోదాని దగ్గరికి వచ్చేసరికి ముక్కు మొద్దుబారుతుంది. పోసిన తరువాత పది నిమిషాలు వదిలేయండి. అత్తరు పీల్చినట్టు గ్లాసులో ముక్కు దూర్చకండి. పెదవులు కొంచెం తెరిచి, గ్లాసును గడ్డం దగ్గర నుంచి నెమ్మదిగా పైకి తెస్తూ చూస్తే ఆల్కహాల్ ఘాటు ముక్కును కొట్టదు. రుచి అని మనం అనుకునేదానిలో చాలా భాగం వాసనే. మింగిన తరువాత నోటి వెనుక నుంచి ముక్కుకెక్కే ఊపిరిలో కూడా అది తెలుస్తుంది కాబట్టి, గుటక వేశాక నోరు మూసి ముక్కుతో ఊపిరి వదలడం అలవాటు చేసుకోండి. మొదటి గుక్కను లెక్కలోకి తీసుకోకండి, అది నోటిని మంటకు అలవాటు చేయడానికే. తీసుకునే వరుస కూడా ముఖ్యం: తేలికైనవి ముందు, షెర్రీ పీపావి తరువాత, పొగ ఉన్నవి చివర. ఐలా విస్కీని ముందుగా తాగేస్తే ఆ పూటకు మిగతా పోలికలు ముగిసినట్టే.

నీళ్ల గురించి మీ మిత్రులు పోట్లాడుకోవలసిన పని లేదు. విస్కీలను కలిపి బ్లెండ్ తయారు చేసే నిపుణులే వాసన చూసేటప్పుడు ఆల్కహాల్ 20 శాతానికి దిగేదాకా దాన్ని పలచన చేస్తారు. స్వీడన్‌లోని లిన్నేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన ఇద్దరు పరిశోధకులు 2017లో కంప్యూటరు నమూనాతో పరిశీలించి, పొగ వాసనకు సంబంధించిన గ్వయాకాల్ అనే అణువు, ఆల్కహాల్ శాతం తక్కువగా ఉన్నప్పుడు ద్రవం ఉపరితలం దగ్గరకు చేరుతుందనీ, ఎక్కువగా ఉన్నప్పుడు లోపలే ఉండిపోతుందనీ చూపించారు. అది ఒక్క అణువు కథ మాత్రమే. కొన్ని వాసనలు నీళ్లతో విచ్చుకుంటే కొన్ని చెదిరిపోతాయి. అయితే పోల్చి చూసేవారికి నీళ్లు కావాల్సింది ఇంకొక కారణానికి. 46 శాతం విస్కీని 40 శాతం విస్కీ పక్కన పెడితే, బలమైనది ఎప్పుడూ రుచి ఎక్కువ ఉన్నట్టు కనబడుతుంది. మీ 15 మిల్లీలీటర్ల 46 శాతం విస్కీకి రెండుంపావు మిల్లీలీటర్ల నీళ్లు కలిపితే రెండూ 40కి వచ్చి సమానమవుతాయి. పీపా నుంచి నేరుగా 58 శాతంతో వచ్చిన సీసా అయితే, అంతే విస్కీకి ఒక చిన్న చెంచాడు, అంటే ఐదు మిల్లీలీటర్లు కలిపినా ఇంకా 43.5 శాతం మిగులుతుంది. వాసన లేని మంచినీళ్లు ఏవైనా పనికొస్తాయి. మంచు ముక్కలు మాత్రం పోల్చేటప్పుడు వద్దు, చల్లదనం వాసనలను అణచివేసి నాలుకను మొద్దుబరుస్తుంది. పోలిక అయిపోయాక మంచుతోనో సోడాతోనో తాగడంలో ఏ అపచారమూ లేదు. కొన్ని బ్లెండ్లు సోడాతోనే బాగుంటాయని నా అభిప్రాయం.

సీసా మీది వర్ణనలు మీకు తగలకపోవడానికి కారణం సులువుగానే కనిపిస్తోంది. వాటిని రాసినవారి చిన్ననాటి వాసనలు వేరు, మీవి వేరు. మీరెన్నడూ ముట్టుకోని పువ్వు పేరు చదివి దాన్ని గ్లాసులో వెతకడం వృథా ప్రయాస. ముందు సీసా తిప్పి పెట్టేసి, మీ మాటల్లో రాయండి. ఈ పనికి తెలుగు చాలా అనుకూలమైన భాషని నా నమ్మకం. మనం వగరును షడ్రుచుల్లో ఒకటిగా లెక్కించుకున్నాం. ఓక్ చెక్క నోటికి చేసే పని సరిగ్గా అదే, ఆ మాట మనకు సిద్ధంగా ఉంది. ఆల్కహాల్ మంటకు ఘాటు అనీ, రై గింజ ఎక్కువగా ఉన్న బర్బన్ నాలుక మీద చిమచిమలాడితే కారం అనీ విడివిడిగా రాసుకోండి, అవి రెండూ ఒకటి కావు. పొగలోనూ ఎన్ని రకాలున్నాయో గమనించండి: కట్టెల పొయ్యి పొగ, నిప్పుల మీద నీళ్లు చల్లితే లేచే వాసన, కమురు వాసన, మసి, గాయానికి పూసే అయోడిన్ మందు. ఐలాలోనే తయారయ్యే లఫ్రోయిగ్ విస్కీ తాగినవారిలో చాలామందికి ఆసుపత్రి గుర్తుకొస్తుంది, ఆ పోలికకు సిగ్గుపడాల్సిన అవసరం లేదు. సరైన పదం దొరకకపోతే, రెండింటిలో ఏది ఎక్కువ తీపి, ఏది ఎక్కువ వగరు, ఏది నోట్లో ఎక్కువసేపు నిలిచింది అన్న మూడు ప్రశ్నలకు జవాబు రాసినా చాలు. ఒంటరి గ్లాసును వర్ణించడం కష్టం గానీ, జంటలో ఏది ఎక్కువో చెప్పడం ఎవరికైనా వీలవుతుంది.

మీకు నిజంగా తేడా తెలుస్తోందా, తెలుస్తోందని అనుకుంటున్నారా అన్న అనుమానం తీరడానికి ఒక పరీక్ష ఉంది. మీరు చూడకుండా ఒకరు మూడు గ్లాసులు పోయాలి: రెండింటిలో ఒకే విస్కీ, మూడోదానిలో వేరొకటి. వేరుగా ఉన్నది ఏదో మీరు చెప్పాలి. ఊరికే చెప్పినా మూడింట ఒకసారి నిజమవుతుంది. వరుసగా మూడుసార్లు ఊహతో నెగ్గే అవకాశం మాత్రం 27లో 1 మాత్రమే. మూడుసార్లూ పట్టుకోగలిగితే మీ ముక్కు మీద నమ్మకం పెట్టుకోవచ్చు. దీన్ని వాసనతోనే చేయండి, తాగనవసరం లేదు.

పరిమాణం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. 40 శాతం విస్కీ 15 మిల్లీలీటర్ల చొప్పున మూడు గ్లాసులంటే సుమారు 14 గ్రాముల స్వచ్ఛమైన ఆల్కహాల్. ఆరోగ్యానికి ఏ హానీ లేని మోతాదంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో స్పష్టంగా చెప్పింది. కాబట్టి పోల్చడం నేర్చుకోవడం ఎక్కువ తాగడానికి సాకు కాకూడదు. రుచి చూసి ఉమ్మేయడం ఈ వృత్తిలో ఉన్నవారు రోజూ చేసే పనే, మీ బల్ల మీద కూడా ఒక ఖాళీ పాత్ర పెట్టుకోండి. కాలేయ సమస్య ఉన్నవారూ, ఆల్కహాల్‌తో పడని మందులు వాడుతున్నవారూ, తరువాత వాహనం నడపాల్సినవారూ వాసన పరీక్షల దగ్గరే ఆగిపోవాలి. ఆటలోని ఆనందంలో పెద్ద వాటా అక్కడే ఉంది కాబట్టి వారికి పెద్దగా నష్టం కూడా లేదు.

మీరు ఈసారి కలిసినప్పుడు నాలుగు సీసాలూ తెరవకండి. మొదటి సమావేశంలో బ్లెండెడ్ స్కాచ్‌నూ 18 ఏళ్ల మాల్ట్‌నూ మాత్రమే తీసుకుని, రెండింటినీ 40 శాతానికి తెచ్చి, మూడు గ్లాసుల పరీక్షతో మొదలుపెట్టండి. గ్రెయిన్ విస్కీ కలవడం వల్ల వచ్చిన పలుచదనాన్నీ, మాల్ట్‌లోని జిడ్డుతనాన్నీ, చెక్క వగరునూ వెతకండి. రెండోసారి ఆ మాల్ట్ పక్కన బర్బన్‌ను పెట్టి, రెండింటిలోనూ వెనిలా, కొబ్బరి ఎంతెంత ఉన్నాయో చూడండి. చుక్కల ప్రయోగం మూడోసారికి ఉంచుకోండి. ఈలోగా తెరిచిన సీసాలను నిలువుగా, ఎండ తగలని చోట పెట్టండి. పడుకోబెడితే బలమైన ఆల్కహాల్ బిరడాను తినేస్తుంది. సీసా సగానికి దిగితే గాలి వల్ల రుచి నెమ్మదిగా మారుతుంది కాబట్టి, మిగిలినదాన్ని చిన్న సీసాలోకి నిండుగా ఒంపుకుంటే మూడో సమావేశం దాకా పోలిక చెడదు. నలుగురి కాగితాలూ బల్ల మీదికి వచ్చేదాకా ఏ గ్లాసులో ఏముందో పోసినవారు చెప్పకూడదు. ఆ పోసే పనిని మాత్రం 18 ఏళ్ల సీసా తెచ్చిన మిత్రుడికి అప్పగించకండి. అందరితో పాటు ఆయన కూడా రాయాలి.